స్పానిష్ రోజు

ఆ బడిలో మూడో తరగతికి ఒక రోజు స్పానిష్, ఒక రోజు ఇంగ్లీషు. ఏ రోజు ఏ భాషో తలుపుకి వేలాడే అట్ట చెబుతుంది. అట్ట మీద ఏమున్నా పిల్లలు మాట్లాడేది ఇంగ్లీషే. ఆగస్టు నుంచి నవంబరు దాకా టీచరు ఒఫీలియా బారియెంతోస్ గొంతు అరిగిపోయింది గానీ ఆ తీరు మారలేదు.

పిల్లల్ని నలుగురి చొప్పున జట్లు కట్టింది. జట్టులో ఇద్దరిది ఇంట్లో స్పానిష్, ఇద్దరిది ఇంగ్లీషు. పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తుంది. ఎవరి ముక్క వాళ్లు చదివి మిగతా ముగ్గురికీ నేర్పాలి. వేసవి శిక్షణలో విన్నప్పుడు ఎంత తేలిగ్గా అనిపించిందో!

ఆ మంగళవారం స్పానిష్ రోజు. పాఠం నాగజెముడు గురించి. కిటికీ పక్క జట్టులో ముళ్లు ఎలా తియ్యాలో చెప్పే ముక్క నయెలీకి వచ్చింది. నయెలీ సెప్టెంబరులోనే సరిహద్దు నది అవతలి రెనోసా ఊరి నుంచి వచ్చిన పిల్ల. వాళ్ల అమ్మమ్మ బజార్లో నాగజెముడు ఆకులు కూరకి చెక్కి అమ్మేది. ఈ పిల్లకి కాగితం కూడా అక్కర్లేదు.

నోరు తెరిచేలోగా పక్కనున్న బ్రిన్లీ కాగితం లాక్కుని, అర్థమైనంత చదివేసి, ఇంగ్లీషులో చెప్పేసింది. రెండు భాషలూ వచ్చిన ఎలియుద్ తలూపి రాసుకున్నాడు. కార్సన్ పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాడు.

"బ్రిన్లీ, అది నయెలీ ముక్క కదా?" అంది ఒఫీలియా స్పానిష్‌లో.

"తను చెప్పట్లేదు మిస్! నేను చెప్తే చప్పున అయిపోతుంది," అంది బ్రిన్లీ ఇంగ్లీషులోనే.

అది నెలలో ఎన్నోసారో. పైగా పొద్దున్నే బ్రిన్లీ తల్లి ఫోన్. "మా పిల్ల మిగతావాళ్లకి టీచరా? మీరెందుకున్నారక్కడ?" అని. అంతా కలిసి ఒక్కసారిగా పొంగింది.

"ఇక చాలు! ఆ కాగితం ఇచ్చెయ్! అందరూ నోరు మూసుకోండి!" అని ఒఫీలియా అరిచేసింది. ఇంగ్లీషులో.

 వెనక నుంచి ఎవరో, "మిస్, ఇవాళ స్పానిష్ రోజు," అన్నారు. కొందరు కిసుక్కున నవ్వారు.

విరామంలో నయెలీ ఆమె బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. "మిస్, మీకు కోపమొస్తే ఇంగ్లీషే వస్తుందా?"

"అలా వచ్చేసిందమ్మా."

"మా అమ్మ కూడా అంతే. ఎదుటివాళ్లు మాట వినాలంటే ఇంగ్లీషులో అనాలంటుంది. ఆస్పత్రిలోనూ అంతే, అద్దె ఇంటాయనతోనూ అంతే." పిల్ల నిష్ఠూరంగా అనలేదు, ఉన్న సంగతి చెప్పి ఆటకి పోయింది. ఒఫీలియాకి ఆ పూట అన్నం సహించలేదు.

గురువారం మళ్లీ స్పానిష్ రోజు. ఈసారి పాఠం కాగితాలు పక్కన పెట్టి, బజారు నుంచి నాగజెముడు ఆకులే తెచ్చింది. పెద్ద ముళ్లు ముందే గీకేసి, చిన్నవి ఉంచింది. జట్టుకో పట్టుకారు, మొద్దు కత్తి, నేర్చుకున్నది నలుగురూ రాయడానికి ఒక కాగితం ఇచ్చింది. "ముందు తెలిసినవాళ్లని అడగండి," అంది.

బ్రిన్లీ ఎవర్నీ అడగలేదు. ఉత్త చేత్తో పట్టుకుంది. "అబ్బా!" అని వేలు నోట్లో పెట్టుకుంది. కళ్లల్లో నీళ్లు. తర్వాత నయెలీ వైపు తిరిగి, వచ్చీ రాని స్పానిష్‌లో, "ఎలా... నువ్వు... తియ్యి?" అంది.

నయెలీ ముందు నవ్వింది. తర్వాత పట్టుకారు బ్రిన్లీ చేతిలో పెట్టి, ఆకుని బల్లకి అదిమి, గట్టిగా చెప్పింది. "ఇక్కడ పట్టుకో. ముట్టద్దు. అంచు ముందు కొయ్యి."

రెండు నెలల్లో ఆ పిల్ల జట్టులో నోరు విప్పడం అదే మొదలు. ఆ మూడు మాటలూ ఇంగ్లీషే.

ఇవాళ స్పానిష్ రోజని గుర్తు చెయ్యబోయి ఒఫీలియా మాట మింగేసింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

సాయంత్రం జట్ల కాగితాలు తీసింది. కిటికీ జట్టు కాగితం మీద మూడు చేతిరాతలే ఉన్నాయి. కార్సన్‌ని పిలిచి, "నువ్వేం రాశావు నాన్నా?" అంది.

"నన్నెవరూ ఏమీ అడగలేదు మిస్," అన్నాడు వాడు, సంచి భుజాన వేసుకుంటూ.