ఆరడుగులు జరిగిన రాయి

తారానగర్ దారంతా ఇనుపరాయి లారీలతో ఎర్రబడిన కాలం అది. కోదండరామి కూడా జొన్నచేను చదును చేసి రెండు టిప్పర్లు నిలబెట్టాడు. అవి తిరగడానికి ఆరడుగుల జాగా తక్కువైంది. పక్కచేని ఉచ్చెంగెప్ప చుట్టాల పెండ్లికి వేరే ఊరికి పోయినప్పుడు, ఉత్తరపు గట్టు మీది హద్దురాయిని జేసీబీతో పెకలించి అవతల పాతించాడు.

ఉచ్చెంగెప్ప తిరిగొచ్చి చూసి సర్వేయర్‌ను పిలిపించాడు. గొలుసు లాగితే ఆరడుగుల తేడా తేలింది.

 కోదండరామికి కూతురు అనుపమ గట్టిగా చదివిన బడిపాఠం గుర్తొచ్చింది.

“నేను జరపలేదప్పా, భూమే జరిగింది! మన దేశమంతా ఏటికి రెండంగుళాలు ఉత్తరానికి పోతాండాదని మా పాప బడిపాఠంలోనే ఉండాది. మా నాయన ఈ రాయి పాతి ముప్పైఆరేండ్లు. లెక్కేసుకోండి.”

సర్వేయర్ వేళ్ళు మడిచాడు. సరిగ్గా ఆరడుగులు! కోదండరామికి తన తెలివి మీద తనకే గౌరవం కలిగింది.

“పాఠం చెప్పిన టీచరమ్మనే అడుగుదాం” అన్నాడు ఉచ్చెంగెప్ప.

బడి వదిలాక జయశీల టీచర్ వచ్చింది. రాయి చుట్టూ పచ్చిమన్ను చూసింది.

“కదిలే మాట నిజమేనప్పా. భూమి పైపెంకు పెద్ద పెద్ద పలకలుగా పగిలుండాది. కింద రాయి వేడికి మెత్తబడి చానా నిదానంగా కదుల్తాది. చల్లబడి బరువెక్కిన పలక అంచు లోపలికి దిగితే, మంచం మీంద నుంచి జారే కంబళి మాదిరి మిగతాదాన్ని లాగుతాది.”

“చూసినారా!” అన్నాడు కోదండరామి.

“మీరూ ఉచ్చెంగెప్పా ఒకే టిప్పర్లో కూచోని హొసపేటకు పోతే, దిగేలోపల మీరు ఆయన ఒళ్ళోకి చేరతారా?”

“ఛీ! ఎందుకు చేరతాను?”

“మీ రెండు చేన్లూ ఒకే పలక మీంద ఉండాయి. పోతే కలిసే పోతాయి.”

కోదండరామి రాయిని పాతచోటికి జరపడానికి ఒప్పుకున్నాడు. మళ్ళీ జేసీబీ పిలిస్తే ఊరంతా చూస్తుందని గడ్డపార పట్టుకున్నాడు. రాయి చలించలేదు. చూడలేక ఉచ్చెంగెప్పే రెండోపక్క పట్టాడు. పాతచోట నాటేసరికి ఇద్దరికీ నడుములు పట్టేసినాయి.

గట్టు మీద చాయ్ తాగుతా కోదండరామి అడిగాడు: “టీచరమ్మా, మనమంతా ఉత్తరానికి పోతాండామే, ఆ పక్కోళ్ళు ఒప్పుకున్నారా?”

“యాడ ఒప్పుకున్నారు? ఇద్దరూ తోసుకునే ఆడ హిమాలయాలు లేచినాయి.”

ఉచ్చెంగెప్ప గొంతు సవరించుకున్నాడు. కోదండరామి గ్లాసు పట్టుకుని, మెల్లగా తన చేని పక్కకు జరిగి కూచున్నాడు.