అటక మీది బాలింత

సవతి పోరు అరవై రెండో ఏట మొదలవుతుందని సుబ్బులు కలలో కూడా అనుకోలేదు. అదీ నాలుగు కాళ్ళ సవతి. అశోక్‌నగర్‌లో వాళ్ళ పాత ఇంటి అటక మీద, చెట్లెక్కి పళ్ళు తినే మానుపిల్లి ఒకటి పిల్లలు పెట్టింది.

బోను పెట్టి పట్టుకుపొమ్మని, జంతువులను కాపాడే మనీషను పిలిపించింది. ఆ అమ్మాయి బాగ్ లింగంపల్లి నుంచి వచ్చి, నిచ్చెనెక్కి టార్చి వేసి చూసి, బోను వద్దంది. తల్లిని తీసుకుపోతే పిల్లలు ఆకలికి చస్తాయట. చీకటి పడగానే తల్లి పెంకుల సందులోంచి బయటికి పోయి, పళ్ళు తిని, తెల్లారేలోగా తిరిగొస్తుందట. పిల్లలు దాని వెంట తిరగడం నేర్చాక అటకలో బల్బు వెలిగించి ఉంచితే, వెలుగు గిట్టక అదే సంసారం ఎత్తేస్తుందట. అప్పుడు సందుకు జాలీ కొట్టాలి. తిండి మాత్రం పెట్టకూడదు, మరిగిందంటే కదలదు.

సుబ్బులు సరేనంది. చిక్కంతా మొగుడితోనే. బ్యాంకులో రిటైరై గోళ్ళు గిల్లుకుంటున్న బుచ్చిబాబుకు ఇన్నాళ్ళకు ఒక పని దొరికింది. పైన బాలింత పడుకుంది, మిక్సీ వేయొద్దన్నాడు. టీవీ గొంతు నొక్కేశాడు. ఇంట్లో పిల్లిలా నడవడం నేర్చాడు.

సుబ్బులుకు కడుపు మండిపోయింది. పెద్దవాడు తేజ పుట్టినప్పుడు, చిక్కడపల్లి అద్దెగదిలో, ఉయ్యాల పక్కనే స్నేహితులతో పేకాట వేసి, చంటివాడు లేచి ఏడిస్తే తన మీదే విసుక్కున్న మనిషేనా ఇతను? ఒప్పుకోవడానికి సిగ్గే గానీ, ఆమెకు అసూయ. వట్టి పిల్లి మీద అసూయ.

నెల దాటింది. బల్బు వెలుగుతూనే ఉంది, పిల్లి కదల్లేదు. మనీష మళ్ళీ వచ్చి తల గోక్కుంది.

"పిల్లలు పెద్దగైనయ్ ఆంటీ. బల్బు పెట్టి పది రోజులాయె. ఎందుకు పోతలేదో సమజ్ అయితలేదు."

సుబ్బులుకు తెలుసు. రోజూ సాయంత్రం పిట్టగోడ మీద బొప్పాయి ముక్కలు, తొక్క తీసి, గింజలు ఏరి మరీ, బుచ్చిబాబే పెడుతున్నాడు. ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఇక ఊరుకోలేక ఉన్నదున్నట్టు చెప్పేసింది.

బుచ్చిబాబు నసిగాడు. పిల్లలకు పాలివ్వాలి కదా, ఒంట్లో ఓపిక ఉండొద్దా అన్నాడు.

"నా కాన్పులప్పుడు ఒక్క పండు కోసి పెట్టారా మీరు?"

మనీష నిచ్చెన సర్దుకునే పనిలో పడింది.

"నువ్వెప్పుడూ అడగలేదుగా సుబ్బులూ."

"అది అడిగిందా?"