పెల్హమ్ దొర తప్పు ఒప్పుకున్న సాయంత్రం

పెల్హమ్ దొర నెత్తురు తాగి బతుకుతాడన్న సంగతి ఖరగ్‌పూర్‌లో జ్ఞానరత్నం ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

విక్టోరియా రాణి కాలంలో లండన్ పెద్దింటివాళ్లలో సగం మంది ఆ బాపతేనట. పగలు శవపేటికలో నిద్ర, రాత్రి రాజ్యపాలన. ఈయన ఒక విందులో బిషప్పు మెడ కొరికి అందరి పరువూ తీశాడు. దాంతో కొత్తగా రైలు వేస్తున్న ఈ అడవికి తరిమేశారు. మిగతావాళ్లంతా ఏమయ్యారో గానీ, ఈయన మాత్రం నిమ్‌పురా రైలు యార్డు వెనక పాడుబడ్డ బంగళాలో, చిమటలు కొట్టిన కోటు తొడుక్కుని, ఇంకా దొరే.

జ్ఞానరత్నం ముత్తాత ఆయనకు వంటవాడు. తర్వాత తాత, నాన్న, ఇప్పుడు ఈమె. ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. దొర కోరలు వాళ్ల నాన్న కాలంలోనే ఊడిపోయాయి. ఇక ఆయన ఎవర్నీ ఏమీ చేయలేడు. అయినా అలవాటు కొద్దీ ఆమె గోల్‌బజార్‌లో మేక నెత్తురు కొని, వెల్లుల్లి తగలకుండా వేయించి, పొద్దు వాలాక పట్టుకెళ్లేది. ఉప్పు తక్కువైందనడమే తప్ప ఒక్కనాడూ బాగుందనలేదు ఆయన.

ఒక ముసురు సాయంత్రం మాత్రం దొర హుషారుగా ఉన్నాడు.

"మీ వంశంలో నెత్తురు మేలైనది రత్నం. మీ తాత తమ్ముడు, ఆర్థర్... ఆ రుచి మళ్లీ దొరకలేదు."

ఆర్థర్ మలేరియాతో పోయాడనే ఇంట్లో అందరూ నమ్మారు. ఆ భయంతో వాళ్ల నాయనమ్మ చచ్చేదాకా దోమతెర లేకుండా ఎవర్నీ పడుకోనివ్వలేదు.

జ్ఞానరత్నం ఆయన చేతిలోంచి పళ్లెం లాక్కుంది. "ఏటి దొరా! మావోడిని తాగేసి, మా సేతే వండించుకుని తింతన్నారా?"

"అప్పట్లో అది మీకు గౌరవం," అన్నాడు దొర, మూతి తుడుచుకుంటూ. "నాలాంటివాడు పనివాళ్లను ముట్టుకోవడమే ఎక్కువ."

ఆమె వేపుడంతా యార్డు కుక్కలకు పోసి ఇంటికి వచ్చేసింది. మళ్లీ అటువైపు వెళ్లలేదు.

ఆకలికి ఆగలేక దొరే పూరీ గేట్‌లో ఉన్న ఆమె ఇంటిదాకా నడిచి వచ్చాడు. అప్పుడే చీకటి పడుతోంది, వాన. పక్కింటి సింహాచలమ్మ ఆ కోటు చూసి బ్యాండు మేళం మనిషి అనుకుంది. జ్ఞానరత్నం గుమ్మం ముందు ఆయన ఆగిపోయాడు. రమ్మని పిలవందే ఏ గడపా దాటలేని జాతి అది.

"రమ్మను రత్నం."

"అనను."

తమ్ముడు సిరిల్ కిటికీలోంచి చూశాడు. "అక్కా, తడిసిపోతన్నాడే."

"తడవనీ. తప్పైపోనాదని సెప్పమను."

"పెల్హమ్‌లు ఇంతవరకూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు," అన్నాడు దొర.

"అయితే పస్తుండండి." తలుపు ధడేలున పడింది.

వాన పెద్దదైంది. ఆయన కదల్లేదు. దర్జా కోసం ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడేవాడు గానీ, ఆయనకు వచ్చిన తెలుగంతా ఈ ఇంటి వంటవాళ్ల దగ్గర నేర్చుకున్నదే. చివరికి ఆ తెలుగులోనే గొణిగాడు. "తప్పైపోనాది రత్నమ్మా."

తలుపు తెరుచుకుంది. "నాకు కాదు. పదండి."

సమాధుల తోటలో ఎటు చూసినా సిలువలే. దొర కళ్లు గట్టిగా మూసుకుని, ఆమె గొడుగు కొస పట్టుకుని గుడ్డివాడిలా నడిచాడు. ఆర్థర్ రాయి దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. సిలువ మీద చెయ్యి పెట్టగానే పెనం మీద నీళ్లు చల్లినట్టు చుయ్‌మంది. చెయ్యి తియ్యలేదు.

"కుర్రాడా, నీ పేరైనా అడక్కుండా తాగేసినాను. నువ్వు పోయాక మీ అన్నని అడిగి తెలుసుకున్నాను. తప్పు సేసినాను."

తిడదామనే వచ్చిన జ్ఞానరత్నానికి నాయనమ్మ గుర్తొచ్చి ఏడుపు ముంచుకొచ్చింది. క్షమించానని మాత్రం అనలేదు. ఇంటికొచ్చాక ఆయన అరచేతికి బర్నాల్ రాసి, గుమ్మం బయటే ఆకు వేసి వడ్డించింది.

ఇప్పుడు దొరే రోజూ వస్తాడు. మెట్టు మీద కూర్చుని తిని, గిన్నె తనే కడుక్కోవాలి. మొదటిరోజు వీధి కుళాయి దగ్గర అందర్నీ దాటుకుని ముందుకు పోబోయాడు.

"ఏటయ్యా, కళ్లు కనబడవా? లైన్లో రా," అంది సింహాచలమ్మ బిందె అడ్డం పెట్టి.

దొర అటూ ఇటూ చూసి, గిన్నె పట్టుకుని వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.