భూమవ్వ గోలెంలో మింగుడు నాచు

తెల్లారగానే భూమవ్వ మొదట వెళ్లేది వాకిట్లో నీళ్ల గోలెం దగ్గరికే. అందులో మింగుడు నాచు పెంచుతోంది. దానికి వేరుండదు, నీళ్లలో తేలుతుంటుంది. సన్నటి పోగుల నిండా ఆవగింజలంత తిత్తులు. దోమపిల్ల దగ్గరికొస్తే తిత్తి నోరు తెరిచి లటుక్కున మింగేస్తుంది, మింగాక నల్లబడుతుంది. బావినీళ్లు దానికి పడవు, చూరు కింద పట్టిన వాననీళ్లే పోయాలి. ఎండ ముదిరితే తడక అడ్డం పెట్టాలి. ఇవన్నీ భూమవ్వకు కొట్టినపిండి.

మోస్రా దగ్గరి ఆ ఊళ్లో ఇంటింటికీ ఈ నాచుంది. కాలువ నీళ్లతోపాటు చలిజ్వరాలు కూడా వస్తే, పటేలు బాపురావు భార్య సుమిత్రమ్మ తన తొట్టిలోంచి తుంచి తలా ఒక పోగు పంచింది.

"దోమలనే కాదు భూమవ్వా, చెప్పుకుంటే కష్టాన్ని గూడ మింగుతది," అన్నది.

మింగేది కూడా. గోలెం మీదికి వంగి గోడు చెప్పుకుంటే తిత్తులు తెరుచుకునేవి. మనిషి లేచేసరికి ఆ గోడు మనిషిలో ఉండేది కాదు. అందులో వింతేముంది, నాచు గుణమే అది అనుకునేవాళ్లు ఊళ్లో.

భూమవ్వ మొగుడు ముత్తన్న, బాపురావు దగ్గర కాలువ కింది మడి కౌలుకు పట్టాడు. కాగితం లేదు, నోటిమాటే. ముత్తన్న పోయాక ఆమె ఒక్కతే చేసింది. ఎద్దు దొరక్క నాగలి తనే లాగిన యేడూ, గట్టు తెగి నాట్లు కొట్టుకుపోయిన యేడూ, మొగుణ్ణి పాము కరిచిన రోజూ, అన్నీ ఎప్పటికప్పుడు గోలెంలోకి చెప్పేసుకుంది. తేలిగ్గా బతికింది.

ఇంతలో కౌలు చేసేవాళ్ల పేర్లు రాయడానికి తాసిల్దారు వచ్చాడు. పేరెక్కితే మడి ఎవరూ గుంజుకోలేరు. బాపురావుకేమో అందులో చెరుకు పెట్టి బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి బండ్లు తోలాలని ఉంది. ఊరంతా చావడి ముందు చేరారు.

"నాగలెవరిది అవ్వా? ఏ యేడు ఏమైంది? మీ ఆయన ఎట్ల పోయిండు?" అని తాసిల్దారు అడిగాడు.

భూమవ్వ నోరు తెరిచింది. లోపల వెతికింది. గుర్తున్నదే చెప్పింది.

"తొలి పంట నాడు మా ఆయన పిడికెడు కొత్త బియ్యం నా కొంగుల పోసిండు సారూ. గట్టుమీద కంజుపిట్ట గుడ్లు పెట్టింది. పొద్దుగూకంగ నీళ్లల్ల మా నీడలు పొడుగ్గ పడుతుండె."

"గివి తొవ్వల పోయేటోళ్లు గూడ చెప్తరు. కష్టపడ్డ గుర్తు ఒక్కటి చెప్పు."

ఆమె దగ్గర లేనిది అదొక్కటే. సాక్ష్యానికొచ్చిన పక్కింటి సాయవ్వ తల దించుకుంది. ఆమెకూ గోలెముంది.

"కూలికొచ్చేది సారూ, పాపం," అన్నాడు బాపురావు, నిజంగానే జాలిపడుతున్నట్టు. తాసిల్దారు పటేలు సొంత సేద్యమని రాసుకుని వెళ్లిపోయాడు.

"నోటికాడి బుక్క గుంజుకుండ్రు!" అని గుండెలు బాదుకుంటూ ఇంటికొచ్చింది భూమవ్వ. నిజానికి ఆ బుక్క ఎవరు మింగారో ఆమెకు అప్పుడే తెలిసింది. గోలెం పగలగొట్టాలని రాయెత్తింది. సాయవ్వ చెయ్యి పట్టుకుంది.

"చెప్పుకో అక్కా, పాణం సల్లవడ్తది."

"వద్దు. గిదొక్కటన్న నా దగ్గరుండనీ."

మూడు రోజులు ఆ మంటను కడుపులోనే దాచుకుంది. మెతుకు దిగలేదు, కన్ను మూతపడలేదు. ఎంత మొండిదైనా మనిషే కదా. నాలుగోనాడు గోలెం మీదికి వంగింది. నాచు తిత్తులన్నీ నల్లబడ్డాయి.

మర్నాడు వాననీళ్లు పోసి, కొడవలి నడుముకు చెక్కుకుని, పాట పాడుకుంటూ మడికి బయల్దేరింది. అక్కడ చెరుకు ముక్కలు నాటుతున్నారు. వేల్పూర్ నుంచి కొత్తగా వచ్చిన కావలి పోశయ్య అడ్డం నిలబడ్డాడు.

"అవ్వా, గీ మడి నీది గాదు. పటేలుది."

భూమవ్వ గట్టుమీద కూలబడి, గుండె పగిలేట్టు ఏడ్చింది. సాయంత్రం గోలెంలోకి చెప్పుకుంది. మర్నాడు మళ్లీ కొడవలితో వచ్చింది.

చెరుకు నిలువెత్తు పెరిగింది. ఆమె రోజూ పాటతో వస్తూనే ఉంది, పోశయ్య రోజూ ఆ మాట చెబుతూనే ఉన్నాడు. ఆమె ప్రతిసారీ అప్పుడే విన్నట్టు కూలబడేది. చివరికి చెప్పలేక చెప్పలేక, పోశయ్య కూడా తన గుడిసె ముందు ఒక గోలెం పెట్టుకున్నాడు. సుమిత్రమ్మ ఒక పోగు తుంచి ఇచ్చింది.