రోజుకెన్ని

ఫిల్మ్‌నగర్ ఏటవాలు రోడ్డు మీద బసవపున్నయ్య మందుల షాపు పెట్టి తొమ్మిదేళ్లయింది. తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చిననాడు అతనికి మందుల గురించి తెలిసింది తక్కువ, మనుషుల గురించి తెలిసింది ఎక్కువ. ఎవరికి సగం స్ట్రిప్ కత్తిరించి ఇస్తే మళ్లీ వస్తాడో, ఎవరికి మొత్తం డబ్బా అంటగట్టవచ్చో గుమ్మం ఎక్కే తీరు చూసి చెప్పగలడు. గోడ మీద అద్దాల ఫ్రేములో వేలాడే ఫార్మసిస్టు సర్టిఫికెట్టు మాత్రం అతనిది కాదు, సూర్యప్రకాశరావుది. ఆయన ఎక్కడో కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఏడాదికోసారి వచ్చి, కాఫీ తాగి, పెట్టాల్సిన చోటల్లా సంతకాలు పెట్టి వెళతాడు. కాగితం ఒకరిది, కౌంటరు ఇంకొకరిది. తనలాంటి వాళ్లు ఇంకా ఉన్నారు కదా అని బసవపున్నయ్య దాన్ని ఎప్పుడూ తప్పు కింద జమ కట్టలేదు.

మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. రోడ్ల మధ్యలో మెట్రో స్తంభాలు నిలబడుతున్నాయి. ఆ రోజుల్లో షాపులో అన్నిటికన్నా చురుగ్గా కదిలిన సరుకు నరాల నొప్పి గోలీ. సగం తెలుపు, సగం ఎరుపు. షుగరు వల్ల అరికాళ్లు మండే పెద్దవాళ్లు తీసుకుపోయేవారు. కంప్యూటరు ముందు కూర్చుని మెడ పట్టేసిన సాఫ్ట్‌వేరు వాళ్లు తీసుకుపోయేవారు. కొన్నాళ్లకు ఏ నొప్పీ లేనివాళ్లు రావడం మొదలైంది. బీరుతో పాటు వేసుకుంటే గాల్లో తేలినట్టు ఉంటుందట. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదని స్ట్రిప్ వెనకే ఎర్రగీత పక్కన రాసి ఉంటుంది. బసవపున్నయ్య ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే సమాధానం వస్తుంది, సమాధానం విన్నాక అమ్మడం కష్టమవుతుంది.

పోచయ్యను మాత్రం అడగాల్సిన పని లేదనుకున్నాడు. పోచయ్య సినిమా ఫైటరు. ఉండేది బోరబండ. హీరోకి డూపుగా తాడు కట్టుకుని మేడల మీద నుంచి దూకడం ఇరవై ఏళ్లుగా అతని పని. ఒకనాడు తాడు సర్దుకోక నడుము పట్టేసింది. డాక్టరు నరం నొక్కుకుందన్నాడు, పడుకునేముందు ఒక గోలీ చొప్పున నెల రోజులకు రాశాడు. పోచయ్య ఆ చీటీని లామినేషన్ చేయించుకొచ్చాడు, నలిగిపోకుండా. మందు ఇచ్చేశామని వేసే షాపు ముద్ర ప్లాస్టిక్ మీద అంటదు. కాబట్టి ఆ చీటీ ఎన్నిసార్లు చూపించినా కొత్తదే. ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. పద్నాలుగు నెలలు తిరిగేసరికి రోజుకో స్ట్రిప్. స్ట్రిప్‌కు పది.

"ఏం సేటూ, పొద్దుపొద్దున్నే ముఖం గట్ల పెట్టినవ్? మీ తెనాలి ఆవకాయ అయిపోయిందా?" అంటూ మెట్లెక్కేవాడు.

"నీ నడుం సంగతి చెప్పు ముందు."

"నడుమా? గోలి ఉంటే నడుం నాది. గోలి లేకుంటె డాక్టర్ది."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. బసవపున్నయ్యకు అతనంటే నిజంగానే ఇష్టం. ఇష్టం ఉన్నవాడికి అడిగినంత ఇవ్వడమే మర్యాద అనుకున్నాడు. వ్యాపారంలో అంతకంటే పెద్ద మర్యాద అతనికి తెలియదు.

చైత్ర మాసంలో జూబ్లీహిల్స్ హాస్టల్లో ఒక సాఫ్ట్‌వేరు కుర్రాడు గోలీలూ బీరూ కలిపి తాగి ఊపిరందక పడిపోయాడు. బతికాడు గానీ, అతని గదిలో బిల్లులేని స్ట్రిప్పులు దొరికాయి. వారం తిరక్కుండా డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఆ రోడ్డు మీది షాపులన్నీ చూడటం మొదలుపెట్టాడు. మర్యాదస్తుడే. కుర్చీ వేస్తే కూర్చోలేదు, కూల్‌డ్రింకు ఇస్తే తాగలేదు.

"ఈ గోలీలు నెలకు ఇన్ని తెచ్చారు. వీటికి చీటీలు ఏవండీ?"

బసవపున్నయ్య సొరుగులో వెతుకుతున్నట్టు నటించాడు. ఇన్‌స్పెక్టరు ఓపిగ్గా నిలబడ్డాడు.

"పది రోజుల్లో మళ్లీ వస్తాను. ఈ సర్టిఫికెట్టు ఆయన కూడా ఆ రోజు ఇక్కడ ఉండాలి."

ఆయన అటు వెళ్లగానే బసవపున్నయ్య మిగిలిన డబ్బాలన్నీ హోల్‌సేల్ ఏజెన్సీకి తిప్పి పంపేశాడు. అమ్ముడుపోని సరుకును అలాగే కదా వదిలించుకుంటారు. మధ్యాహ్నం పోచయ్య వస్తే, లేవన్నాడు.

"లేవంటే ఏంది? రేపు వస్తయా?"

"ఇక రావు పోచయ్యా. కొత్త చీటీ ఉండాలి, అది కూడా ఇంకో షాపులో."

"మజాక్ చేస్తున్నవా సేటూ?"

"కాదు."

పోచయ్య నవ్వు కాసేపు ముఖం మీద అలాగే నిలబడి, తర్వాత మెల్లగా దిగిపోయింది. మెట్లు దిగుతూ రెండుసార్లు వెనక్కి చూశాడు. అలవాటు వదిలితే మంచిదే కదా అనుకుని బసవపున్నయ్య తర్వాత వచ్చిన మనిషి వైపు తిరిగాడు.

మూడోనాడు బాలమణి వచ్చింది. పోచయ్య భార్య. జూబ్లీహిల్స్‌లో రెండిళ్లలో వంట చేస్తుంది. చెప్పులు మెట్ల దగ్గరే వదిలేసి కౌంటరు దాకా పరుగెత్తింది.

"అన్నా, గా నడుం గోలి ఒక్కటియ్యి. మూడు రోజులసంది కన్ను మూస్తలేడు. చెమటలు, వణుకుడు. గోడ మీద ఏందో పాకుతుందంటడు. సంపులల్ల నీళ్లన్నీ నెత్తిన పోసుకున్నా చల్లబడ్తలేడు."

"జ్వరమేమో అమ్మా."

"జ్వరం నాకు తెల్వదా? ఇది జ్వరం గాదన్నా. రాత్రికి రెండేసుకుంటనని చెప్తడు. రెండు గోలీలు ఆపితె మనిషి గిట్లయితడా?"

బసవపున్నయ్య ఆమెను అక్కడే ఉండమన్నాడు. లోపలికి వెళ్లి, మందుల అరల చాటున నిలబడి సూర్యప్రకాశరావుకు ఫోన్ చేశాడు.

"రోజుకు పది గోలీలు వాడేవాడికి ఒక్కసారే ఆపేశావా?" అటు గొంతు పెరిగింది. "అలా ఆపకూడదయ్యా! మెల్లమెల్లగా దించాలి, అదీ డాక్టరు చేతిమీద. లేకపోతే ఫిట్స్ వస్తాయి. మనిషి పోవచ్చు కూడా. నీకు ఆమాత్రం తెలియదా?"

"నాకెలా తెలుస్తుందండీ? చదువుకున్నది మీరు."

అటు గొంతు తగ్గింది. "వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లు. ఇందులో నా పేరు మాత్రం ఎక్కడా తేకు."

బసవపున్నయ్య భార్య సత్యలక్ష్మిని కౌంటర్లో కూర్చోబెట్టి, బాలమణిని ఆటో ఎక్కించుకుని బోరబండ వెళ్లాడు. పోచయ్య గోడకు ఆనుకుని మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. బసవపున్నయ్యను చూసి లేవబోయాడు.

"తెచ్చినవా సేటూ?"

"ఆస్పత్రికి పోదాం పోచయ్యా. ఇలాంటి అలవాటు మాన్పించే డాక్టర్లు ఎర్రగడ్డలో ఉంటారు. గవర్నమెంటుది."

"ఎర్రగడ్డకా?" పోచయ్య వణుకుతూనే గయ్యిమన్నాడు. "నన్ను పిచ్చోన్ని చేస్తవా? రేపు యూనియన్ల తెలిస్తె ఎర్రగడ్డ పోచయ్య అని పేరు పెడ్తరు. తాడు కట్టుడు సంగతి అటుంచు, గుంపుల గూడ నిలబడనియ్యరు. సస్తె గీడ్నే సస్త గని గాడికి రాను."

బాలమణి ఏడ్చింది, తిట్టింది, కాళ్లు పట్టుకుంది. ఎర్రగడ్డ అంటే పిచ్చాసుపత్రి అన్న ఒకే ఒక్క అర్థం అతని చెవుల్లో పాతుకుపోయి ఉంది. చివరికి బోరబండలోనే ఒక చిన్న నర్సింగ్ హోముకు ఒప్పుకున్నాడు.

అక్కడి డాక్టరు హిమజ. చిన్న వయసు, నిదానమైన మనిషి. నాడి చూసింది, కళ్లలోకి లైటు వేసి చూసింది.

"నరాల గోలీలు వాడేవారా? రోజుకెన్ని?"

"రెండు" అన్నాడు పోచయ్య.

ఆమె నమ్మలేదు. బాలమణిని అడిగింది. ఆమె కూడా రెండే అంది. ఆమెకు తెలిసింది అంతే. డాక్టరు చూపు బసవపున్నయ్య మీదకు వచ్చింది.

"మీరెవరండీ?"

"మందుల షాపు. ఈయన నా దగ్గరే కొనేవాడు."

"అయితే మీకు తెలియాలి. లెక్క కరెక్టుగా కావాలి నాకు. ఎన్ని వాడాడో తెలిస్తేనే ఎక్కడ మొదలుపెట్టి దించాలో తెలుస్తుంది."

ఆమె చేతిలో కేసు షీటు, పెన్ను. ఆ పెన్ను కొస చూసేసరికి బసవపున్నయ్యకు ఇన్‌స్పెక్టరు గుర్తుకొచ్చాడు. పది అని చెబితే అది కాగితం మీద పడుతుంది. పద్నాలుగు నెలలు, ఒకటి నుంచి రోజుకు పది దాకా, చెల్లే చీటీ లేకుండా. ఆ కాగితం తన షాపు కన్నా బరువు. చెప్పకపోతే? రెండు అన్నది అబద్ధమని ఆమెకు తెలిసిపోయింది. తొమ్మిదేళ్ల బేరాల అలవాటు అతని నాలుక మీదకు వచ్చింది. ఒకరు రెండంటున్నారు, ఉన్నవి పది. మధ్యలో ఎక్కడో తెగితే అందరికీ సరిపోతుంది.

"నాలుగు ఉండొచ్చు డాక్టరు గారూ. ఎప్పుడైనా అయిదు."

ఆమె నాలుగు అని రాసుకుంది. పోచయ్య తల దించుకున్నాడు, కాదనలేదు. రాసిన లెక్క చూసి, మంచం మీది మనిషిని చూసి, ఆమె కనుబొమలు ముడిచింది.

"నాలుగు గోలీలకు ఇంత ఉండకూడదే. తాగుతాడా?"

"లేదు మేడమ్. మా పోచమ్మ తల్లి మీద ఒట్టు, సుక్క ముట్టడు" అంది బాలమణి.

"దాచకమ్మా. మానినా ఇలాగే వణుకొస్తుంది."

"దాస్తలేను మేడమ్."

నర్సు పెదవి విరిచింది. సినిమా ఫైటరు తాగడంటే ఎవరు నమ్ముతారు? బాలమణి ముఖం ఎర్రబడింది. సాక్ష్యం చెప్పమన్నట్టు బసవపున్నయ్య వైపు చూసింది. అతను కిటికీలోంచి రోడ్డు మీది ఆటోలను చూశాడు. డాక్టరు నాలుగు గోలీల లెక్కన మందు రాసి, తలకు స్కాన్ తీయించమని చెప్పింది.

మర్నాడు పదకొండు గంటలకు అతను కొబ్బరిబొండం పట్టుకుని మెట్లెక్కుతుంటే లోపల ఇనప మంచం నేలకు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. బాలమణి అరుపు. నర్సులు పరుగెత్తారు. అతను గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి పోచయ్య నేల మీద బిగుసుకుపోయి ఎగిరెగిరి పడుతున్నాడు. నోటి చివర నురగ, అందులో రక్తం. డాక్టరు సూది వేశాక కొంచెంకొంచెంగా సడలాడు. ఎక్స్‌రే తీశారు. కుడి భుజం ఎముక విరిగింది. మేడల మీద నుంచి దూకి ఇరవై ఏళ్లలో ఒక్క ఎముకా విరగని మనిషి, రెండడుగుల మంచం మీద నుంచి పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఇక ఏ తాడూ ఆ భుజాన్ని మొయ్యదు, ఏ తాడునూ ఆ భుజం మొయ్యదు.

బసవపున్నయ్య కొబ్బరిబొండం బల్ల మీద పెట్టి డాక్టరు గదిలోకి వెళ్లాడు. బాలమణి అక్కడే నిలబడి ఉంది. ఆమె వెళ్లేదాకా ఆగుదామనుకున్నాడు. ఆగలేదు.

"పది, డాక్టరు గారూ."

"ఏంటి పది?"

"రోజుకు పది గోలీలు. పద్నాలుగు నెలల్లో ఒకటి నుంచి అక్కడికి చేరాడు. మొన్న ఒక్కరోజులో ఆపేశాను. తాగుడు లేదు. ఈ అమ్మాయి చెప్పింది నిజం."

హిమజ అతన్ని తిట్టలేదు. తిడితే బాగుండేది. కేసు షీటు దగ్గరికి లాక్కుని నాలుగు కొట్టేసి పది వేసింది.

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"షాపు పోతుందని."

"ఇది రాసి సంతకం పెట్టండి. మీ మీద కేసు పెట్టడానికి కాదు, వైద్యం కోసం. కానీ ఎవరైనా అడిగితే దాచను."

పెట్టాడు. బాలమణి ఆ కాగితం వైపు చూడలేదు, అతన్నే చూసింది.

"పదిచ్చినవా అన్నా? నాకొక్క మాట చెప్పకుంట రోజుకు పదిచ్చినవా?"

"అడిగాడమ్మా. ఇచ్చాను."

"నిన్న గూడ చెప్పకపోతివి. నా మొగుడు తాగుబోతని వాళ్లంటుంటె బయట ఆటోలు లెక్కపెట్టినవ్."

 ఏ లెక్కలో చూసుకున్నా ఆ మాట నిజం.

డాక్టరు కొత్త చీటీ రాసింది. వారానికో గోలీ చొప్పున తగ్గించుకుంటూ రావాలి, మధ్యలో ఎక్కడ తేడా వచ్చినా ఆగి చూడాలి. ఆ భుజంతో, ఆ నడుంతో మూడు నాలుగు నెలలు. నొప్పికి వేరే మందు చూద్దామంది. ఎర్రగడ్డకు ఒక ఉత్తరం కూడా రాసిచ్చింది. మనసు మారితే తీసుకెళ్లమంది.

"గోలీలు పేషెంటు చేతిలో ఉండకూడదు. రోజువి రోజు లెక్కపెట్టి ఇచ్చేవాళ్లు ఒకరు కావాలి. నువ్వు పనికి పోతావు కదమ్మా, పగలు ఎవరుంటారు?"

"నేనుంటానండీ" అన్నాడు బసవపున్నయ్య. "రోజూ వచ్చి ఇచ్చి వెళతాను. ఊరికే."

"ఈయన చేతికొద్దు మేడమ్" అంది బాలమణి. గొంతు పెంచలేదు. "పగటి పనికి పోను. ఒకిల్లు ఇడ్సిపెడ్త. నాకు సదువు రాదు గని, ఏ పూటవి ఆ పూటకు పొట్లాలు కట్టిస్తె నేనే ఇస్త."

నర్సు ఒక పాత కాలెండరు చింపి ముక్కలు చేసి పొట్లాలు కట్టడం మొదలుపెట్టింది. ఆమెకు అలవాటు లేదు. మడత ఊడిపోయి గోలీలు బల్ల మీద దొర్లుతున్నాయి. తొమ్మిదేళ్లుగా రోజూ పొట్లాలు కట్టిన బసవపున్నయ్య చేతులు తెలియకుండానే ముందుకు లేచాయి. బాలమణి ఒక్కసారి చూసింది. చేతులు వెనక్కి తీసుకున్నాడు.

నర్సు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. బాలమణి బల్లకు ఆనుకుని, పెదవులు కదుపుతూ, ఆమెతో పాటే లెక్కపెట్టింది.