నీళ్లు నమిలిన కోడలు

ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషిని ఊరికే కూర్చోమంటే ఎక్కడ కూర్చుంటాడు? రిటైరై కొడుకింటికి చేరిన మూడో వారానికల్లా పెద్దాయన ముందుగది కిటికీ దగ్గర ఇరవై నాలుగు కాగితపు గ్లాసుల్లో టమాటా నారు పోశాడు. నారు చక్కగా మొలిచింది. నెల తిరక్కుండానే దాని చుట్టూ చిన్న నల్ల ఈగలూ చేరాయి.

ఆ కిటికీ పక్కనే కోడలి కుట్టుమిషను. ఆవిడ కుట్టేది నర్సుల తెల్లకోట్లు. ఇస్త్రీపెట్టె కింద ఒక్క ఈగ నలిగినా బట్టమీద నల్లమచ్చే. మూడో కోటు మళ్లీ ఉతకాల్సి వచ్చిన రోజున ఆవిడకు చిర్రెత్తుకొచ్చింది.

"మామయ్యగారూ, శనివారం లోపల ఈ ఈగలన్నా పోవాలి, ఈ గ్లాసులన్నా పోవాలి!"

ఆవిడ అన్నది గ్లాసుల్నే. పెద్దాయనకు మాత్రం తననే అన్నట్టు వినిపించింది. ఆ ఇంట్లో తనవంటూ ఉన్నవి ఆ గ్లాసులే మరి. వెంటనే పాత డిపో స్నేహితుడికి ఫోన్ చేసి, మేడమీద గది ఖాళీయేనా అని ఆరా తీశాడు. ఖాళీయే. శనివారం దాకా ఎవరికీ ఇవ్వొద్దన్నాడు.

"మందు కొడదాం నాన్నా," అన్నాడు కొడుకు.

"రేపు తినబోయే కాయకి మందేమిట్రా?" అని కసిరి, మొక్కలమ్మే ఆయన దగ్గరికి వెళ్లాడు.

"ఆ ఈగలు తడిమట్టిలో గుడ్లు పెడతాయండీ. పిల్లపురుగులు వేళ్లు కొరికేస్తే మొక్క వాడిపోతుంది. నీళ్లు తగ్గించి పైమట్టి ఎండనివ్వండి. ఎగిరేవాటికి పసుపుపచ్చ గుడ్డముక్కలకి ఆముదం రాసి పెట్టండి, అంటుకుంటాయి," అన్నాడాయన.

పసుపుపచ్చ ముక్కలు కోడలి పాతగుడ్డల బుట్టలోనే దొరికాయి. ఈగలు వాటికి అంటుకుంటూనే ఉన్నాయి, కొత్తవి పుడుతూనే ఉన్నాయి. మూడు రోజులుగా చుక్క నీరు పోయలేదు. అయినా సాయంత్రం వేలు పెట్టి చూస్తే మట్టి తడితడిగానే ఉంది. తనే పోసి మర్చిపోతున్నాడా, లేక ఇంకెవరైనా పోస్తున్నారా అని పెద్దాయనకు అనుమానం వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం కుర్చీలో నిద్ర నటించాడు. మిషను చప్పుడు ఆగింది. కోడలు ఇస్త్రీకి నీళ్లు చల్లే సీసా పట్టుకుని పిల్లిలా వచ్చింది.

"మీ పెద్దాయనకేం, హాయిగా నిద్రపోతున్నారు. తాగండి," అంటూ గ్లాసు గ్లాసుకీ చల్లింది.

"దొంగ దొరికింది!"

కోడలు ఉలిక్కిపడి సీసా వెనక్కి దాచింది. "అది కాదు మామయ్యగారూ... వాడిపోయినట్టుంటే... మొలిచినప్పట్నుంచీ మధ్యాహ్నాలు కొంచెం... కొంచెమే..."

"నువ్వు నీళ్లు నమిలితే నమిలావు గానీ, వాటికి మాత్రం పోయకు తల్లీ! పొద్దున నేనూ, మధ్యాహ్నం నువ్వూ. ఇద్దరం కలిసి పెంచింది ఈగల్నే." నవ్వాక నెమ్మదిగా అడిగాడు. "మరి గ్లాసులు పోవాలన్నావుగా?"

"కోపంలో ఎన్ని అంటాం! ఎండిపోతే మీరు దిగులుపడరూ? ఈగలకి ఇంకో వారం గడువు."

పెద్దాయనకు కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు కూడా.

ఆ వారంలో మట్టి ఎండి ఈగలు పోయాయి, అది వేరే సంగతి. మర్నాడు శనివారం పొద్దున్నే మాత్రం ఆయన స్నేహితుడికి ఫోన్ చేశాడు.

"ఆ గది ఇంకెవరికైనా ఇచ్చెయ్యరా."

"ఏం, కోడలు ఉండమందా?"

"అనడమేమిట్రా! నా మొక్కలకి నెల్నాళ్లుగా నాకు తెలియకుండా నీళ్లు పోస్తోంది."