నువ్వుచేనులో నీడ

పొద్దున్న ఏడున్నరకి చిన్నతల్లి చేలో కలుపు తీసే ఆడవాళ్ళు నడుములు ఎత్తేవారు. గడియారం చూసి కాదు, విమానం చూసి. దగ్గర్లోనే ఒక పాత రన్‌వే మీద పిల్లలకి విమానం నడపడం నేర్పుతారు. రన్‌వే చివర కంచె, కంచె దాటితే చిన్నతల్లి నువ్వుచేను, చేనుకి ఎడంపక్క తాటితోపు.

రోజూ రెండు మూడు చిన్న విమానాలు చేను మీంచి రామతీర్థం కొండవైపు ఎగిరేవి. వాటిలో ఒకటి మాత్రం ఆడవాళ్ళు కనపడగానే రెండుసార్లు రెక్కలు ఊపేది. దాన్ని నడిపేది ఆడపిల్ల అని, ఆ విమానాల బడిలో ఊడ్చే రాణి చెప్పింది. అంతే, ముఖమైనా చూడకుండానే ఆ పిల్ల చిన్నతల్లికి చుట్టమైపోయింది.

"ఒలే గుంటా! దిగవే! గుక్కెడు అంబలి తాగి ఎల్దువుగాని!" అని తలగుడ్డ విప్పి ఊపేది.

"ఇమానం ఆపీసి నీ అంబలికి దిగుతాదేటే?" అని పక్కసాలులో దేముడమ్మ నవ్వేది.

"దిగుతాది. ఒకనాడు దిగుతాది సూడు."

ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చిన్నతల్లి తల బాదుకుంది.

మాఘమాసంలో ఒక పొద్దున, విమానం కంచె దాటగానే దాని చప్పుడు ఆగిపోయింది. పైకి పోవలసింది కిందికి రాసాగింది. సంగతి తెలిసినవాళ్ళయితే ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తేవారు. వీళ్ళకి తెలిసింది ఒక్కటే. బండి ఆపితేనే కదా మనిషి దిగేది! చప్పుడు ఆగిందంటే పిల్ల దిగుతోందన్నమాట.

"వచ్చీసిందే! మన గుంట వచ్చీసింది!" అని చిన్నతల్లి తలగుడ్డ ఊపుతూ చేను మధ్యకి ఎదురు పరుగెత్తింది. ఆమె వెనక ఏడుగురు.

విమానం తాటిచెట్టెత్తున ఉండగా ఎడమ రెక్క వంచింది. చేను వదిలేసి తోపులోకి పోయింది. ఆ తర్వాత వినిపించిన చప్పుడు గురించి ఆ ఎనిమిదిమందిలో ఎవరూ ఇంతవరకూ మాట్లాడలేదు.

అధికారులు వచ్చి తోపంతా కొలిచి, ఫొటోలు తీసి, ముక్కలన్నీ లారీలో వేసుకుపోయారు. విమానం నీడ మాత్రం చేలోనే ఉండిపోయింది. పిల్ల రెక్క వంచిన చోటే, ఒక రెక్క పొడుగ్గా, ఒకటి పొట్టిగా పరుచుకుని ఉంది. పొద్దు ఎటు తిరిగినా అది కదల్లేదు. దాని గురించి అధికారులు అడగలేదు, వీళ్ళు చెప్పలేదు. నీడ పడినమేర నువ్వుమొక్కల పూత ఆలస్యమైంది. ఎండలు ముదిరాక ఆడవాళ్ళు అందులోనే కూర్చుని తినేవారు. చిన్నతల్లి రెండు గిన్నెలు తెచ్చేది, ఒకటి తనకి, ఒకటి పిల్లకి. పిల్ల గిన్నె ఇంటికెళ్ళేటప్పుడు కుక్కలకి పోసేది. తన గిన్నెలో సగం కూడా వాటికే పోయేది. దారినపోయేవాళ్ళు పలకరిస్తే చెయ్యెత్తడం కూడా మానేసింది.

చైత్రంలో ఒక పెద్దమనిషి బస్సు దిగి గట్టు మీదుగా నడిచి వచ్చాడు. విజయనగరంలో పొందూరు ఖద్దరు అమ్మే నగరేశ్వరరావు. పంచె ఇస్త్రీ మడత నలగలేదు గానీ మనిషే నలిగిపోయి ఉన్నాడు.

"మా అమ్మాయి ఝాన్సీ పడింది ఇక్కడేనా అమ్మా?" అని అడిగాడు. జేబులోంచి అధికారుల రిపోర్టు కాగితం తీశాడు. "ఇంజిను ఆగితే ఎదురుగా ఉన్నచోటే దించాలట. వాళ్ళకి నేర్పే మొదటి పాఠం అదేనట. ఎదురుగా చదునైన చేను ఉండగా మా పిల్ల పక్కకి తిప్పిందట. తప్పు దానిదేనని రాశారు. చుట్టాలు నోటికొచ్చినట్టు అంటున్నారు. నేను కూడా గోడ మీది దాని ఫొటో దించి బీరువాలో పెట్టేశాను." కాగితం మళ్ళీ మడిచాడు. "చూసినవాళ్ళు చెప్పండి. నిజంగా తప్పు చేసిందా?"

దేముడమ్మ చిన్నతల్లి మోచెయ్యి గట్టిగా నొక్కింది, నోరెత్తొద్దని. చిన్నతల్లి ఆయన చేతిలోని కాగితం వంక చూసింది. చెప్తే ఈయన తనని ఏం చేసినా చెయ్యొచ్చు. చెప్పకపోతే ఆ పిల్ల ఎప్పటికీ బీరువాలోనే ఉండిపోతుంది.

"గుంట తప్పు కాదు బాబూ, నాది. సప్పుడు ఆగితే అంబలి తాగడానికి దిగుతన్నాదనుకున్నాను. ఇందర్నీ ఎంటేసుకుని ఎదురెల్లిపోనాను. సేను సదునే బాబూ, మేమే అడ్డంగా నిలబడిపోనాం. మమ్మల్ని సూసి పక్కకి తిప్పీసింది. నానే పిలిసినాను. నానే సంపీసినాను."

ఆయన నీడ దగ్గర కూర్చుని, బట్ట నాణ్యం చూసినట్టు దాని అంచుని వేళ్ళ మధ్య పట్టి చూశాడు. లేచి, నీడ ముక్కు దగ్గర్నుంచి, ఆరోజు తను నిలబడ్డానని చిన్నతల్లి చూపించిన సాలు దాకా అడుగులు వేశాడు. ఇరవై. మళ్ళీ కొలిచాడు. మళ్ళీ ఇరవయ్యే.

కొడతాడనుకుంది చిన్నతల్లి. ఆయన నీడలో చతికిలబడి, పైకండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఆడవాళ్ళందరూ ఏడ్చారు.

కండువాతో ముఖం తుడుచుకుని అన్నాడు. "పిలవడం నీది అమ్మా. తిప్పడం మా పిల్లది. అది దానికే ఉండనియ్యి, నువ్వు తీసుకోకు."

తర్వాత రెండో గిన్నె వైపు చూశాడు. "అదెవరిది?"

"అమ్మాయిది బాబూ."

"ఇలా ఇయ్యి."

రాగిపిండితో కాచిన చల్లటి చోడి అంబలి. ఉల్లిపాయ నంజుకుంటూ గిన్నె అడుగు కనపడేదాకా తాగాడు. "నువ్వూ తాగు" అన్నాడు. ఆవేళ కుక్కలకి ఏమీ మిగల్లేదు.

రిపోర్టు మారలేదు. మారుతుందని అక్కడెవరూ అనుకోలేదు కూడా. కానీ పడమటి ఎండకి మాడిపోయే ఖద్దరు కొట్టు ముందు ఆ వేసవంతా చల్లగా ఉందనీ, లోపల గల్లాపెట్టె పైన ఝాన్సీ ఫొటో వేలాడుతోందనీ విజయనగరం వెళ్ళొచ్చిన రాణి చెప్పింది.

అంబలి తాగిన ఆ రోజే, ఆయన రోడ్డెక్కి బస్సు ఆపగానే, చేలో నీడ కదిలింది. సాళ్ళ మీంచి జరిగి, గట్టు దాటి, వెళ్ళి బస్సు మీద పరుచుకుంది. "లోనకి జరగండి, సల్లగానే ఉన్నాది" అని కండక్టరు జనాన్ని తోశాడు. బస్సు కదిలింది. మలుపు దగ్గర నీడ రెండుసార్లు రెక్కలు ఊపింది.

చిన్నతల్లి తలగుడ్డ విప్పింది.

"ఎల్లమ్మా," అంది, "మీ అయ్యతో ఇంటికెల్లు."

బస్సు కనుమరుగయ్యేదాకా చెయ్యెత్తి ఊపుతూనే ఉంది. తర్వాత అందరూ ఎండలోనే కూర్చుని గిన్నెలు కడుక్కున్నారు.